నవ్వితే కొంగు అడ్డం

నాలుగేళ్ళ కిందట సంక్రాంతికి జంతిక కొరికితే, పుచ్చిన పక్కపన్ను కాస్తా విరిగింది. పీకించేశాను. "ఒక్క పన్నేగా" అనుకున్నాను గానీ, నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది. మా అమ్మాయి పెళ్ళి ఫోటోలన్నిట్లో మూతి బిగించుకుని ఉన్నది నేనొక్కదాన్నే!

ఆ ఫోటోలు చూశాకే పళ్ళ డాక్టరమ్మ దగ్గరికెళ్ళాను. బ్రిడ్జి అయితే అటూ ఇటూ ఉన్న మంచి పళ్ళను అరగదీయాలంది. ఇంప్లాంట్ అయితే దవడ ఎముకలో టైటానియం స్క్రూ బిగించి, ఎముక దాన్ని గట్టిగా పట్టుకున్నాక పైన పన్ను అమరుస్తారు. స్వీడన్ డాక్టరు బ్రోనెమార్క్ 1965లోనే ఇలా ఒక మనిషికి అమర్చాడట.

నాకు షుగరుంది. అది అదుపులోకొచ్చేదాకా ఆవిడ ముట్టుకోలేదు. స్క్రూ బిగించాక మరో నాలుగు నెలలు ఆగాను. గాజులకని దాచిన డబ్బంతా దీనికే అయిపోయింది. మనసు పీకింది. పిల్లల పన్నయితే ఇంత ఆలోచించేదాన్నా?

పన్ను పోయిన చోట ఎముక కూడా తరిగిపోతుంది, ఏళ్ళ తరబడి వదిలెయ్యకండి. పెట్టించుకున్నాక ఇక పుచ్చదు కదా అని తోమడం మానకండి, చిగురు చెడితే ఇంప్లాంటూ కదులుతుంది.

మొన్న మనవరాలి బారసాలలో ఫోటో తీస్తుంటే నా చెయ్యి కొంగు దాకా వెళ్ళి ఆగిపోయింది.