చక్రాన్ని పట్టి ఉంచే కణుపు

పిల్లలూ! ఎద్దుబండి చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర ఒక చీల ఉంటుంది. యుద్ధంలో దశరథుడి రథానికి ఆ చీల ఊడిపోతే, కైకేయి తన వేలు పెట్టి రథాన్ని నిలిపిందని కథ చెప్పుకుంటారు గదా! కారులో కూడా చక్రాన్ని పట్టి ఉంచే భాగం ఒకటి ఉన్నది. దాన్ని నకిల్ అంటారు. ఆ మాటకు వేలి కణుపు అని అర్థం.

స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రాన్ని పక్కకు తిప్పేది ఇదే. అందుకే దీనికి స్టీరింగ్ నకిల్ అని పేరు. వెనుక చక్రాలు దేనికది పైకీ కిందికీ ఆడే కార్లలో వెనుక కూడా నకిల్ ఉంటుంది. సాధారణంగా అది తిరగదు. చక్రం బేరింగునూ, బ్రేకునూ, కారు కిందినుంచి వచ్చే ఇనుప కడ్డీలనూ ఒకచోట కలిపి పట్టుకుంటుంది.

2022 వానాకాలంలో మా తమ్ముడి కారు వెనుక చక్రం నీళ్ళలో కనిపించని రాతిగట్టుకు కొట్టుకున్నది. నాలుగు నెలలు తిరిగేసరికి ఆ టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయింది. ఇద్దరమూ కారును విజయవాడ ఆటోనగర్‌కు తీసుకుపోయాం. మెకానిక్ చక్రాల కోణాలు కొలిచి, "నకిల్ వంగింది, మేష్టారూ! చక్రం ఒక డిగ్రీ పక్కకు తిరిగి ఉంది," అన్నాడు.

"ఒక్క డిగ్రీయేనా?" అన్నాడు తమ్ముడు తేలికగా.

నేను సుద్దతో నేలమీద లెక్కవేసి చూపాను. అటువంటి చక్రాన్ని దాని దారిన పోనిస్తే, కిలోమీటరు పోయేసరికి దాదాపు 17 మీటర్లు పక్కకు పోతుంది. కాని కారు దాన్ని తిన్నగా ఈడ్చుకుపోతుంది. అందువల్ల టైరు ప్రతి కిలోమీటరుకూ అంత మేర రోడ్డును రాసుకోవలసిందే!

"పోనీ, కాల్చి, సుత్తితో కొట్టి సరిచెయ్యరాదూ? ఖర్చు తగ్గుతుంది," అన్నాడు తమ్ముడు.

"ఇది కొడవలి కాదండీ! కాలిస్తే లోహం బలం తగ్గవచ్చు. కంటికి కనబడని బీట ఉంటే ఒకనాడు రోడ్డుమీద విరుగుతుంది. ఆ రోజు కారులో మీ పిల్లలు ఉండవచ్చు," అన్నాడు మెకానిక్. తమ్ముడు మారు మాట్లాడలేదు.

మెకానిక్ కారును జాకీతో ఎత్తి, వెంటనే స్టాండ్లమీద నిలిపాడు. జాకీ ఎత్తడానికే గాని, దాన్ని నమ్మి కారు కిందికి దూరడానికి కాదు. బ్రేకు విప్పి, దాని గొట్టంమీద బరువు పడకుండా తీగతో వేలాడదీశాడు. తుప్పుపట్టిన బోల్టులకు నూనె పట్టించి, ఓపికగా ఊడదీశాడు. పాత నకిల్‌నూ కొత్తదాన్నీ పక్కపక్కన పెడితే, ఎంత చూసినా నా కళ్ళకు తేడా కనబడలేదు!

కొత్తది అమర్చి, కడ్డీల బోల్టులను మాత్రం కొంచెం వదులుగా ఉంచాడు. కారు బరువు చక్రాలమీద పడిన తరవాతే వాటిని పూర్తిగా బిగించాడు. ఎందుకంటే, ఆ కీళ్ళలో రబ్బరు ఉంటుంది. చక్రం వేలాడుతూ ఉండగా బిగిస్తే, కారు కిందికి దిగగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, త్వరగా చిరిగిపోతుంది. ఆఖరున కోణాలన్నీ మళ్ళీ కొలిచి సరిచేశాడు.

ఆగి ఉన్న కారు టైర్లను, పెద్దలు పక్కన ఉండగా, మీరూ పరీక్షించండి. గాలి ఎక్కువైతే టైరు నడుమ అరుగుతుంది. తక్కువైతే రెండు అంచులూ అరుగుతాయి. ఒక్క అంచే అరిగిందా, చక్రం తిన్నగా లేదేమోనని అనుమానించాలి. ఆ మాట వెంటనే పెద్దలతో చెప్పండి.