నీలగిరిలో దొరికిన జవాబు

పిల్లలూ! మీలో ఎవరైనా తరగతిలో ఒక ప్రశ్న అడిగి, "నోరు మూసుకొని కూర్చో" అనిపించుకున్నారా? అనిపించుకొని ఉంటే ఈ సంగతి ముఖ్యంగా మీకే చెబుతున్నాను. ఎందుకంటే, ఒకప్పుడు అలా అన్న పంతుళ్ళలో నేనూ ఒకణ్ణి.

మాది గార్ల. మహబూబాబాదు జిల్లాలో, డోర్నకలుకు దగ్గరలో ఉన్న ఊరు. ముందు ఉపాధ్యాయుడుగా, తరవాత ప్రధానోపాధ్యాయుడుగా ముప్పయ్యేళ్ళకు పైగా పనిచేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను. ఏటేటా పాఠంలో "తేయాకు చల్లని కొండచరియల మీద పండుతుంది" అని చెప్పేవాణ్ణి. నిజానికి నేను ఆ కొండలూ చూడలేదు, ఆ తోటలూ చూడలేదు. పుస్తకంలో ఉన్నది నేను చెప్పాను, పిల్లలు రాసుకున్నారు.

ఒకనాడు ఆ పాఠం చెబుతుండగా వెనకబల్ల మీది కుర్రవాడొకడు లేచాడు. వాళ్ళ నాయన స్టేషను దారిలో చాయ్ హోటలు నడిపేవాడు.

"సార్, మా అమ్మ మునగాకు నీడకు ఎండబెడితే పచ్చగనే ఉంటది. చాయపత్తి కూడ ఆకే గదా, మరి నల్లగ ఎందుకుంటది?" అని అడిగాడు.

నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పటానికి నోరు రాలేదు. "పాఠంలో లేని ప్రశ్నలు నీకెందుకురా? నోరు మూసుకొని కూర్చో!" అన్నాను. తరగతి అంతా గొల్లున నవ్వింది. వాడు కూర్చున్నాడు. ఆ మాట నేను మరిచేపోయాను.

మొన్న వేసవిలో గార్లలో ఎండలు మండిపోతుంటే, "తాతయ్యా, ఎక్కడికైనా చల్లని చోటికి పోదాం" అని మా మనుమరాలు పట్టుపట్టింది. నేనూ, మా ఇంటావిడా, మనుమరాలూ ముగ్గురం బయలుదేరాం. ఖమ్మం వెళ్ళి చెన్నై బండి ఎక్కాం. చెన్నైలో రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, తెల్లవారేసరికి కొండల అడుగున ఉన్న మేట్టుపాళయం చేరాం.

అక్కడినుంచి ఉదకమండలానికి చిన్న రైలు ఉంది. ఈ ఊరినే అందరూ ఊటీ అంటారు. దారి 46 కిలోమీటర్లే. కాని పైకి పోవటానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది! ఈ రైలు 1899లో కూనూరు వరకూ, 1908లో ఊటీ వరకూ నడిచింది. 2005లో యునెస్కో వారు దీన్ని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చారు.

దీని చమత్కారం వినండి. మామూలు రైలు మరీ నిటారైన ఎత్తు ఎక్కలేదు. చక్రాలు పట్టాల మీద జారిపోతాయి. ఇక్కడ కొన్ని చోట్ల 12 అడుగులు ముందుకు పోతే 1 అడుగు పైకి ఎక్కాలి. అందుకని కల్లారు నుంచి కూనూరు దాకా రెండు పట్టాల నడుమ రంపంలాగా పళ్ళున్న పట్టా ఒకటి వేశారు. ఇంజను అడుగున ఉన్న పళ్ళచక్రం ఆ పళ్ళను పట్టుకుంటూ, నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతుంది. పైగా ఆ దారిలో ఇంజను ముందుండి లాగదు. వెనక నిలబడి పెట్టెలను నెడుతుంది!

కూనూరు దాటేసరికి చలి మొదలైంది. మనుమరాలు శాలువా కప్పుకుంటూ, "తాతయ్యా, కొండ ఎక్కితే సూర్యుడికి దగ్గరవుతాం గదా! మరి చలి వేస్తుందేం?" అని అడిగింది.

ఈ ప్రశ్నకు మాత్రం నాకు జవాబు తెలుసు. సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అందులో 2 కిలోమీటర్లు దగ్గరైతే ఎంత, కాకపోతే ఎంత? ఎండ ముందు నేలను కాలుస్తుంది. నేల తన పైనున్న గాలిని వేడిచేస్తుంది. ఆ గాలి పైకి పోయినకొద్దీ, చుట్టూ ఒత్తిడి తగ్గి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించిన గాలి చల్లబడుతుంది. సైకిలు ట్యూబులోంచి బుస్సున వచ్చే గాలికి వేలు అడ్డం పెట్టి చూడండి, చల్లగా తగులుతుంది. సుమారుగా కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. ఊటీ సముద్రమట్టానికి దాదాపు 2,200 మీటర్ల ఎత్తున ఉంది. ఇక లెక్క మీరే వేసుకోండి!

1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ ఈ కొండలెక్కి వచ్చి, ఇక్కడి చల్లదనానికి మురిసిపోయాడు. ఆ తరవాతే ఇక్కడ తెల్లవాళ్ళ బంగళాలు లేచాయి. అంతకు ఎన్నో తరాల ముందునుంచీ తోడాలు, కోటాలు, బడగలు, కురుంబలు ఈ కొండల్లోనే కాపురం ఉంటున్నారు. బడగల్లో చాలామంది ఈనాడు చిన్న చిన్న తేయాకు తోటల రైతులు.

మర్నాడు తోటకు వెళ్ళాం. కొండమీద పచ్చని తివాచీ పరిచినట్టున్నది. తేయాకు మొక్కకు వాన కావాలి, కాని వేళ్ళ దగ్గర నీళ్ళు నిలవకూడదు. నిలిస్తే వేళ్ళు కుళ్ళుతాయి. అందుకే ఏటవాలు నేల దానికి బాగా ఒప్పుతుంది. నడుము ఎత్తుకు మించకుండా కత్తిరిస్తారు గనుక అది పొదలాగా కనిపిస్తుంది గాని, వదిలేస్తే పెద్ద చెట్టే అవుతుందట! ఆడవాళ్ళు వరుసలుగా నిలబడి, కొసన ఉన్న రెండు లేత ఆకులూ ఒక మొగ్గా చొప్పున తుంచుతున్నారు. ఒక కిలో చాయపత్తికి నాలుగైదు కిలోల పచ్చి ఆకు కావాలి. మనం తాగే చాయ్ వెనక ఎన్ని చేతులున్నాయో చూడండి!

తరవాత ఆకును పొడి చేసే కర్మాగారం చూడబోయాం. ముందుగా ఆకును పొడుగాటి తొట్లలో పరిచి, కిందనుంచి గాలి కొట్టి వడలనిస్తారు. వడలిన ఆకును పళ్ళున్న ఉక్కురోలర్ల మధ్య వేస్తే అవి నలిపి, చీల్చి, ఉండలు చుడతాయి. అక్కడినుంచి బయటికి వచ్చిన ముద్ద ఇంకా పచ్చగానే ఉంది. దాన్ని పరిచి ఉంచారు. మేము చూస్తుండగానే పచ్చదనం మెల్లగా తగ్గింది. అంతకు ముందు పరిచిన కుప్ప అప్పటికే రాగి రంగుకు వచ్చింది. కమ్మని వాసన గుప్పుమన్నది.

"గాలి తగలాలి. అదే కిటుకు!" అన్నాడు అక్కడి మేస్త్రీ.

మా ఇంటావిడ వంగి చూసి, "ఇందులో వింతేముందండీ? వంకాయ కోసి ఉప్పునీళ్ళలో వెయ్యకుండా ఉంచితే నల్లబడదూ? ఇదీ అంతే" అన్నది.

సరిగ్గా అంతే! ఆకులోని వగరు రసమూ, దాన్ని మార్చే ఎంజైమూ ఆకులో వేరు వేరు అరల్లో ఉంటాయి. ఆకు నలిగితే అరలు చితికి రెండూ కలుస్తాయి. గాలిలోని ఆక్సిజను తోడై రంగు మారుతుంది. వంకాయ ముక్కలో జరిగేదీ ఇలాంటిదే. పిమ్మట వేడిగాలిలో ఎండబెడితే ఎంజైము పని ఆగిపోయి, పొడి నల్లబడి నిలుస్తుంది. నలపకముందే ఆకును బాగా వేడిచేస్తే ఎంజైము ముందే చచ్చిపోయి, ఆకు పచ్చగానే ఉంటుంది. గ్రీన్ టీ అంటే అదే. మునగాకును నలపకుండా నీడలో ఆరబెడతాం గనుక అది పచ్చగా ఉంటుంది.

అప్పుడు జ్ఞాపకం వచ్చాడు, ఆ వెనకబల్ల కుర్రవాడు. వాడి ప్రశ్న ఎంత మంచి ప్రశ్న! జవాబు మా వంటింట్లోనే ఉంది. నేనేమో వాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేశాను. ఆ తరవాత ఊటీలో చూసిన పూలతోట గాని, చెరువు గాని నా మనసుకు పట్టలేదు.

ఊరికి రాగానే స్టేషను దారి పట్టాను. తండ్రి హోటలును ఇప్పుడు అతనే నడుపుతున్నాడు. తల కొద్దిగా నెరిసింది. "రండి సార్, కూర్చోండి" అని బల్ల తుడిచి చాయ్ పెట్టాడు. నేను కొండనుంచి తెచ్చిన పొట్లం అతని చేతిలో పెట్టి, చూసిందంతా చెప్పి, "నాయనా, నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. ఆ రోజు నాకు తెలియక నిన్ను కసిరాను. తప్పు నాది" అన్నాను.

అతను కాసేపు పొయ్యివైపే చూశాడు. "యాదికి ఉంది సార్. ఆ రోజునుంచి బడిలో మళ్ళ ప్రశ్న అడగలేదు" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. నాకు మాత్రం గొంతులో చాయ్ దిగలేదు.

అంతలో ఆరవ తరగతి చదివే అతని కూతురు పుస్తకాల సంచీతో వచ్చి, మా మాటలు విని, "తాతా, పాలు పొయ్యని చాయ్‌లో నిమ్మకాయ పిండితే రంగు తగ్గుతది. అదెందుకు?" అని అడిగింది.

అతను కూతురిని వారించబోయి, నా మొహంకేసి చూసి ఆగాడు.

"నాకు తెలియదు బిడ్డా. కనుక్కొని చెబుతాను" అన్నాను.

పిల్లలూ, మీరూ అమ్మను అడిగి ఈ పని చేసి చూడండి. పాలు లేని డికాక్షను మూడు గాజు గ్లాసుల్లో పోయండి. ఒకదానిలో నిమ్మరసం, ఇంకొకదానిలో చిటికెడు వంటసోడా వేయండి. మూడవది అలాగే ఉంచండి. రంగులు ఎలా మారాయో కాగితం మీద రాసుకోండి. ఎందుకలా మారాయో మీ పంతులుగారిని అడగండి. ఆయనకు తెలియకపోతే ఇద్దరూ కలిసి వెతకండి.

నేనూ ఆ పనిలోనే ఉన్నాను. వచ్చే ఆదివారం ఆ అమ్మాయికి జవాబు చెబుతానని మాట ఇచ్చాను.