నకానో బజారులో కామరూపులు

జపానుదేశయాత్రనుగూర్చి వ్రాయువారందఱును ఫూజీపర్వతముతోను చెఱ్ఱిపూవులతోను ఆరంభించుట వాడుక. మేమును వానిని చూచితిమి, అవి మనోహరములే. కాని టోకియోనగరమున మేమున్న యైదువారములలో మా మనస్సును విడువక పట్టుకొన్నది యొక బజారును, ఆ బజారులోని యొక గాజుబీరువాయును, ఆ బీరువాలో నొక పిడికిలి లేక నిలిచియున్న యొక బొమ్మయును. సోదరీమణులు నవ్వినను సరియే, దానినిగూర్చియే వ్రాయుచున్నాము.

మా కుమారుడు తొమ్మిది సంవత్సరములుగా టోకియోలో ఉద్యోగము చేయుచున్నాడు. కాపురము నగరమునకు తూర్పున నిషికసాయి యను పేటలో. అచ్చట భారతీయకుటుంబములు పెక్కులు కలవు. అంగడికి పోయిన ప్రతిదినమును ఎవరో యొకరు తెలుగున పలుకరించుచునే యుందురు. 2025 వ సంవత్సరము ఫిబ్రవరి నెలాఖరున మావారును మేమును అచ్చటికి చేరితిమి.

మార్చి 3 వ తేదీ వారికి బాలికల పండుగ. ప్రక్కయింటి యామె మమ్ము పిలిచి తమ యింటి బొమ్మలను చూపినది. మెట్లపై నెఱ్ఱనిగుడ్డ పఱచి, పైమెట్టున రాజదంపతులను, క్రిందిమెట్లపై చెలికత్తెలను, వాద్యగాండ్రను వరుసగా నిలిపిరి. అచ్చముగ మన సంక్రాంతి బొమ్మలకొలువే! పండుగ దాటినవెంటనే బొమ్మలను తీసి దాచవలెనట, లేనిచో ఆ యింటిపిల్ల పెండ్లి యాలస్యమగునట. ఇట్టి మాటలు మన యిండ్లకే ప్రత్యేకములు కావని తెలిసి మాకు కొంత యూఱట కలిగెను. ఆ బొమ్మలు ఆమె యమ్మమ్మగారివి. ముఖములపై రంగు వెలిసిపోయియున్నది. మరల వేయింపరాదా యని కోడలిచేత అడిగించితిమి. ఆమె తల యూపి, వలదనెను.

మాకు మా అత్తగారు జ్ఞప్తికి వచ్చిరి. మేము కాపురమునకు వచ్చిన క్రొత్తలో, ఆమెను సంతోషపెట్టుదమని, ఆమె పుట్టినింటినుండి తెచ్చుకొన్న మట్టిబొమ్మలన్నిటికి మెఱుగురంగులు వేయించితిమి. ఆమె చూచి "బాగున్నవమ్మా" అనిరి. అటుపిమ్మట వానిని తమ చేతితో కొలువులో పెట్టలేదు, మమ్మే పెట్టుమనెడివారు. ఈ సంగతి యింటికి వచ్చి చెప్పగా మా కుమారుడు ఆలకించి, "అమ్మా, వచ్చు ఆదివారము నీకు మా కొలువు చూపించెదను" అనెను.

ఆ కొలువు నకానోలో నున్నది. నిషికసాయిలో రైలెక్కినచో మఱియొక బండి మాఱనక్కఱలేదు. తోజాయి మార్గమున తిన్నగా పోయి చివరి స్టేషనులో దిగుటయే. స్టేషను ఉత్తరద్వారమున బయటికి రాగానే పైకప్పుగల బజారువీథి యొకటి కలదు. దాని చివర నకానో బ్రాడ్వే యను కట్టడము. 1966 లో కట్టిరట. క్రిందియంతస్తులలో దుకాణములు, పైయంతస్తులలో కాపురములు. ఇందులోని కదలుమెట్లు విచిత్రమైనవి. మొదటియంతస్తున ఎక్కినవారిని రెండవదానిలో దింపక, మూడవదానికి కొనిపోయి విడుచును. మావారు రెండవయంతస్తు చూడవలెనని పట్టుపట్టి, మూడుమాఱులు ఎక్కి దిగిరి. నేలమాళిగలో ఎనిమిది రంగుల మీగడమంచును ఒకదానిపై నొకటి పేర్చి యిచ్చు దుకాణము కలదు. మా మనుమడు ఆఱేండ్లవాడు. వానికి అదియే జపానుదేశము.

1980 లో ఈ కట్టడముననే మందరాకే యను పేర పాతబొమ్మలకథల పుస్తకములమ్ము చిన్నదుకాణము పుట్టినదట. నేడు ఆ పేరుగల కొట్లు అంతస్తంతస్తునను కలవు. ఎచ్చట చూచినను నేలనుండి పైకప్పువఱకు గాజుబీరువాలు. వానినిండ ఒకప్పటి పిల్లల యాటబొమ్మలు. కొనవచ్చినవారిలో పిల్లలు తక్కువ. తల నెఱసినవారే యెక్కువ. ఒక్కొక్కరు అద్దమునకు ముక్కు నానించి నిలుచున్న తీరు చూచిన, దేవాలయమున దర్శనమునకు నిలిచినట్లుండెను.

ఇందు మా కుమారుడు సేకరించునవి రూపము మార్చుకొను మరమనుషుల బొమ్మలు. ఇంగ్లీషున ట్రాన్స్‌ఫార్మర్లందురు. మనము కామరూపులని పిలువవచ్చును. వీనికి పెద్దయైనవాడు ఎఱ్ఱని లారీ. దాని ముందరియద్దములు ఱొమ్మగును. లారీ వెనుకభాగమును సాచినచో కాళ్లు. పైమూత యెత్తినచో తల. అమెరికాలో వానిని ఆప్టిమస్ ప్రైమ్ అనియు, పుట్టిన దేశమగు జపానులో కాన్వాయ్ అనియు పిలుతురు. హనుమంతుడు సూక్ష్మరూపము దాల్చినప్పుడు ఆ పెద్దతోక యెచ్చటికి పోయెనని మా మనుమడు రాత్రి కథచెప్పునప్పుడు మమ్మడిగి వేధించుచుండును. ఈ బొమ్మలుచేయువారికి దినదినమును అదియే ప్రశ్న. కథలోవలె మాయ యనుటకు వీలులేదు, ప్రతిముక్కయు ఎచ్చటనో యొకచోట ఇమిడి తీరవలెను.

వీని పుట్టుక చిత్రమైనది. 1980 లో టకారా యను జపాను సంస్థ డయాక్లోన్ అను బొమ్మలను ఆరంభించెను. అప్పటికి ఈ మరమనుషులకు ప్రాణము లేదు. బొటనవ్రేలంతటి చోదకులు, పాదములలో అయస్కాంతములు కలవారు, లోపల కూర్చుండి నడుపుచుండిరి. 1984 లో అమెరికాలోని హాస్‌బ్రో సంస్థ ఈ బొమ్మలను తన దేశమున అమ్మజొచ్చి, చోదకులను తీసివేసి, బొమ్మలకే ప్రాణమును పేరును కల్పించి, వాని కథను టెలివిజనులో చూపించెను. 1986 లో వచ్చిన చలనచిత్రమున ఆ యెఱ్ఱలారీ నాయకుని చంపివేసిరి. ఏలయన, క్రొత్తబొమ్మలు అమ్ముడుపోవలెనన్నచో పాతవానికి చోటుండరాదు! పిల్లలు కంటనీరు పెట్టుకొన్నందున, 1987 లో మరల బ్రదికించిరి. వర్తకులును విధాతయు ఒక్కటే పని చేయుదురుగాని, విధాత యింత త్వరగా మనసు మార్చుకొనడు.

మూడవయంతస్తులో నడచుచుండగా మా కాళ్లు నిలిచిపోయినవి. బీరువాలో ఆ లారీరాజు నిలిచియుండెను. కుడిచేతికి పిడికిలి లేదు. ప్రక్కన చీటీపై జపానుభాషలో నేమో వ్రాసియున్నది. మేము చదువనక్కఱ లేకపోయెను.

1986 లో మా తమ్ముడు సింగపూరునుండి వచ్చుచు ఇట్టిబొమ్మనే మేనల్లునికి తెచ్చియిచ్చెను. పిల్లవానికి అప్పుడు ఏడేండ్లు. లారీరాజని వాడే పేరుపెట్టెను. ఆ బొమ్మకు పిడికిళ్లు విడిగా నుండును. మరమనిషిగా మార్చినప్పుడు తగిలింపవలెను. నెలతిరుగకుండ ఒకటి పోయినది. ఇల్లంతయు ఊడ్చి వెదకితిమి, దొరకలేదు. వాడు మైనముతో నొకటి చేసి పెట్టుకొనెను. ఎనిమిదేండ్లు గడచినపిమ్మట రాజమహేంద్రవరమునుండి హైదరాబాదునకు ఇల్లు మార్చునపుడు, పాతబట్టలకు స్టీలుపాత్రలిచ్చు స్త్రీ వాకిటికి వచ్చెను. మేమిచ్చిన బట్టలకు చిన్నగిన్నె వచ్చుననెను. మాకు పెద్దగిన్నె కావలెను. ఆమె వెంటనున్న పిల్లవాడు అటకనుండి దింపిన సామానులలో ఈ బొమ్మను చూచి చేయి చాపెను. ఇచ్చివేసితిమి. పెద్దగిన్నె వచ్చినది. కాలేజీకి పోవుచున్న కుమారునితో మాత్రము, సామానులబండిలో ఎచ్చటనో పోయియుండునని చెప్పితిమి. వాడు ముప్పదియేండ్లలో రెండుమూడు మాఱులు అడిగెను. అడిగినప్పుడెల్ల అదేమాట చెప్పితిమి.

పిమ్మట వాని స్నేహితులు కూడిన కాఫీహోటలునకు పోయితిమి. ఏబదియైదేండ్లు దాటిన జపానుదేశస్థుడొకరు, అమెరికాదేశపు ఉపాధ్యాయుడొకరు, బెజవాడ కుఱ్ఱవాడొకడు. బల్లపై మూడు లారీరాజులు. అవి పాతదానినే సంస్కరించి తొలుత టకారా సంస్థవారును, పిమ్మట టకారాటోమీ సంస్థవారును చేసినవి. 2006 లో టకారాయు టోమీయు కలిసి ఒక్కటైనవి. పాతదానిని సంస్కరించుటలో ఏది ధర్మమని ఆ నలుగురికిని వాదము.

జపాను పెద్దమనిషి తనకు ప్రియమైన 2003 నాటి బొమ్మను మా చేతికిచ్చెను. అబ్బో, ఏమి బరువు! ఇత్తడిచెంబు పట్టుకొన్నట్లున్నది. అతని బాల్యమున, 1974 లో, చోగోకిన్ అను లోహపుబొమ్మలు వచ్చినవట. ఆ మాటకు అసాధారణమైన మిశ్రలోహమని యర్థము. కాలిమీద పడినచో ఏడ్పువచ్చునదే బొమ్మ యని అతని మతము. ప్లాస్టిక్ వెలిసిపోవును, లోహము చల్లగా చేతికి తగులును. ఆ చల్లదనము లేనిచో తన బాల్యము తనకు నమ్మకము కలుగదనెను.

అమెరికావాడు ఒప్పుకొనలేదు. అతనికి బొమ్మ కొనిపెట్టువారు లేకుండిరి. టెలివిజనులో మాత్రమే చూచెను. కావున ఆ చిత్రములోనున్నట్లు సన్నని నడుము, నున్నని చేతులు ఉండవలెను. 2019 లో వచ్చినది అట్లున్నదని మురిసిపోయెను. మా కుమారుడు అందుకొని, "బొమ్మ ముందు పుట్టినది, చిత్రము పిమ్మట వచ్చినది. చిత్రకారుడు గీయుటకు సులభమగునని తీసివేసిన గీతలను, మీరు బొమ్మమీదనుండియు చెరపివేయుమందురా?" అనెను. వానికి ఇష్టమైనది 2024 లో మిస్సింగ్ లింక్ అను పేర వచ్చినది. పైకి చూచిన 1984 నాటి బొమ్మయే. కీళ్లు మాత్రము నేటివి. పాతది తలకూడ త్రిప్పలేదు.

ఇక్కడ వాదము ముదిరెను. చిత్రములోని సన్నని మనిషి మొద్దులారీలో ఇముడవలెనన్నచో, కొన్ని బొమ్మలలో లారీ యద్దములను వెనుకకు దాచి, ఱొమ్మున వేఱుగా చేసిన దొంగయద్దములు పెట్టుదురట. అది మోసమని కొందఱు, కంటికి ఇంపైనచో చాలునని కొందఱు. మావారు అంతవఱకు కాఫీ త్రాగుచు ఊరకుండి, "జీర్ణోద్ధారణమని చెప్పి మన గుళ్లలో శిల్పములపై సున్నము కొట్టినట్లున్నది" అనిరి. కుమారుడు దానిని వారికి అర్థముచేసి చెప్పుటకు పావుగంట పట్టెను. చెప్పినపిమ్మట జపాను పెద్దమనిషి లేచి మావారికి వంగి నమస్కరించెను.

బెజవాడ కుఱ్ఱవాడు 2007 నాటి చలనచిత్రముతో ఈ పిచ్చిలో పడినవాడు. "పిన్నిగారూ, వీరందఱును చిన్నప్పటి బొమ్మలే కావలెనందురు. నా చిన్నప్పటిది వేఱు. ఇనుపముక్కలు వేయిగా కదలుచు మాఱునది. దానిని వీరు బొమ్మగానే యెంచరు" అని మొఱపెట్టుకొనెను. వీరి కథలో దుష్టనాయకుడు తొలుత పిస్తోలుగా మాఱెడివాడట. నిజమైన తుపాకివలె కనబడు ఆటవస్తువులపై నిబంధనలు వచ్చుటచే, 1993 నాటికి యుద్ధట్యాంకయ్యెనట. పిల్లవాని చేతిలో పిస్తోలు కూడదని ట్యాంకునిచ్చిన బుద్ధికి తల్లులమగు మన మేమందుము?

మేము 2019 నాటి బొమ్మను చూపి, "దీనిని మా మనుమడు మార్చగలడా?" అని అడిగితిమి. ఎవరును వెంటనే పలుకలేదు. పెట్టెపై పదునైదేండ్లు దాటినవారికని ముద్రించియున్నదట. మార్చుటకు అమెరికావానికే అరగంట పట్టునట, ఏ ముక్క విఱుగునో యని చేయి వణకునట. "పాతదానిని నేను ఏడేండ్లప్పుడు కన్నులు మూసికొని మార్చెడివాడను" అని మా కుమారుడు మెల్లగా అనెను. ఆ మాటతో వాదము ఆగలేదు సుమా! బాలురకు వేఱుబొమ్మలు కలవు, ఇవి తమకొఱకే యని అమెరికావాడు. అట్లయిన దీనిని బొమ్మ యనకుము, విగ్రహమనుము అని పెద్దమనిషి. మేము వచ్చునప్పటికి కాఫీ మూడవమాఱు తెప్పించుచుండిరి.

తిరిగిపోవునప్పుడు బీరువాయొద్దకు కుమారుని పిలిచికొనిపోయి, దానిని మేము కొనియిచ్చెదమంటిమి. గాజులకని దాచుకొన్న సొమ్ము చేతిసంచిలో నున్నది. వాడు బహుసేపు చూచి, "వలదమ్మా, ఇది వేఱొక పిల్లవాడు పోగొట్టిన పిడికిలి" అనెను.

రైలు నేలక్రింది సొరంగమున పోవుచుండెను. మనుమడు తాతయ్య యొడిలో నిదురించుచుండెను. అప్పుడు చెప్పితిమి: సామానులబండి కాదనియు, స్టీలుగిన్నె సంగతియు, చేయి చాపిన పిల్లవాని సంగతియు. వాడు కోపపడునని యెదురుచూచితిమి.

"అప్పుడు లారీగా నుండెనా, మనిషిగా నుండెనా?" అని అడిగెను.

"మనిషిగనే."

"లారీగా మార్చుట ఆ పిల్లవానికి చూపించితివా?"

లేదంటిమి. మాకును తెలియదు గదా! వాడు మఱి మాటలాడలేదు. మినామిసునమాచి స్టేషను దాటినపిమ్మట బండి సొరంగము విడిచి పైకి వచ్చి, ఆరకావా నదిమీది వంతెన నెక్కెను. అప్పటికి చీకటిపడి, ఆవలియొడ్డున నిషికసాయి దీపములు కనబడుచుండెను. "వాడు కనుగొనియుండును" అని, ఎవరితోననకుండ, మా కుమారుడు అనెను.