మనుషుల్లేని ఊరికి రైట్.. రైట్!

ఇంగ్లండ్‌లో వార్మిన్‌స్టర్ అని ఓ చిన్న పట్నం ఉంది. మామూలు రోజుల్లో అక్కడి రైల్వే స్టేషన్ బయట చెప్పుకోదగ్గ సందడేమీ కనిపించదు. ఏటా ఆగస్టులో ఒక్క శనివారం మాత్రం పొద్దున్నుంచే జాతర. పిల్లాజెల్లాతో వచ్చినవాళ్లు, మెడలో కెమెరాలు వేలాడేసుకున్నవాళ్లు, చేతికర్ర ఊతంతో నడిచే పెద్దవాళ్లు.. అందరూ వరసలో నిలబడతారు. కాసేపటికి ఎర్రటి డబుల్ డెక్కర్ బస్సొకటి వస్తుంది. దాని వెనకే ఇంకోటి. ఆ వెనక మరోటి! అరవై ఏళ్ల కిందట లండన్ వీధుల్లో తిరిగిన బస్సులవి. నంబరు 23ఎ. వెళ్లేది ఇంబర్ అనే ఊరికి.

తమాషా ఏంటంటే ఇంబర్‌లో ఒక్క మనిషి కూడా కాపురం ఉండడు.

ఒకప్పుడు ఉండేవారు. శాలిస్‌బరీ మైదానం నడిబొడ్డున, ఏ పెద్ద రోడ్డుకీ దగ్గర కాని పల్లె అది. ఓ చర్చి, ఓ బడి, ఓ సారా దుకాణం, కమ్మరి కొలిమి, నూటయాభై మంది జనం. చుట్టుపక్కల భూమిలో చాలాభాగాన్ని సైన్యం అప్పటికే కొనేసింది. రెండో ప్రపంచ యుద్ధం జోరుగా సాగుతున్న 1943 నవంబరు 1న ఊరివాళ్లందరినీ బడిలోకి పిలిచి, డిసెంబరు 17లోగా ఊరు ఖాళీ చేయాలన్నారు. ఐరోపా మీదికి దండెత్తబోతున్న అమెరికా సేనలకు వీధుల్లో యుద్ధం ఎలా చేయాలో నేర్పడానికి ఓ ఊరు కావాలట! యుద్ధం అయిపోగానే తిరిగొచ్చేస్తామని నమ్మి చాలామంది పెద్దగా ఎదురు చెప్పలేదు. ఊరి కమ్మరి మాత్రం తన దాగలి మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చాడనీ, వేరే ఊరెళ్లిన కొన్ని వారాలకే కన్నుమూశాడనీ, ఇంబర్‌కే తెచ్చి పూడ్చారనీ ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

యుద్ధం ముగిసింది. ఊరు మాత్రం వెనక్కి రాలేదు. 1961లో వందలమంది ముళ్లకంచెలు దాటి వెళ్లి నిరసన తెలిపారు. విచారణా జరిగింది. ఊరు సైన్యానికే ఉండాలని తేలింది. చర్చిలో ఏటా ఓ ప్రార్థన జరుపుకోవడానికీ, ఏడాదిలో కొన్ని రోజులు జనం వచ్చి చూసిపోవడానికీ అనుమతి దక్కింది. శ్రీశైలం జలాశయంలో నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడగానే పడవలెక్కి వెళ్లే మనవాళ్లకు ఆ అనుమతి విలువేంటో వేరే చెప్పక్కర్లేదు.

అలాంటి ఊరికి బస్సేమిటి?

కబుర్లలో పుట్టిన సర్వీసు

బస్సు కంపెనీల్లో పనిచేసే కొందరు మిత్రులు ఓ రోజు పిచ్చాపాటీగా మాట్లాడుకుంటున్నారు. బస్సు నడపడానికి అన్నిటికంటే కుదరని చోటు ఏదై ఉంటుంది? మాట మీద మాట పెరిగి ఇంబర్ దగ్గర ఆగింది. ఇంకొకరైతే నవ్వుకుని లేచిపోయేవారు. వీళ్లు మాత్రం 2009లో నిజంగానే బస్సు వేసేశారు. అదీ దొంగచాటుగా కాదు. మామూలు ఆర్టీసీ సర్వీసుకు ఎన్ని కాగితాలు కావాలో అన్నీ పెట్టి, రూటు నంబరు తీసుకుని, టైంటేబుల్ అచ్చేయించి, దారిలో బస్టాపు బోర్డులు పాతి మరీ! అప్పట్నుంచి ఏటా ఆగస్టులో, ఆ ఒక్కరోజు ఆ రూటు నడుస్తోంది. కరోనా వల్ల 2020లో మాత్రం ఆగింది. ఇప్పుడు పాతిక దాకా బస్సులు తిరుగుతాయి. మెడలో సంచీ వేసుకున్న కండక్టర్లు టిక్కెట్లు కొడతారు. మిగిలిన డబ్బు ఇంబర్ చర్చి బాగోగులకూ, మాజీ సైనికుల సంక్షేమానికీ వెళ్తుంది.

ఆ కండక్టర్లూ డ్రైవర్లూ ఎవరనుకున్నారు? జీతం తీసుకోని అభిమానులే. వాళ్లలో సర్ పీటర్ హెండీ ఒకరు. 2006 నుంచి 2015 దాకా లండన్ నగర రవాణా సంస్థకు కమిషనర్‌గా, ఆ తర్వాత బ్రిటన్ రైలు మార్గాలు చూసే నెట్‌వర్క్ రైల్‌కు ఛైర్మన్‌గా చేసి, 2024లో రైల్వే మంత్రి అయిన పెద్దమనిషి. సొంతానికి పాత లండన్ బస్సులు కొనుక్కున్నారు. ఇంబర్ రూటులో స్వయంగా స్టీరింగ్ పట్టుకున్నారు. మన దగ్గర ఓ రవాణా శాఖ పెద్ద ఖాకీ చొక్కా వేసుకుని ఏడాదికోరోజు బస్సు నడపడం ఊహించుకోండి.. ఊహకు కూడా కాస్త కష్టంగానే ఉంది కదూ!

బస్సు సైన్యం గేటు దాటాక దారికి రెండువైపులా హెచ్చరిక బోర్డులు. పేలని గుండ్లుంటాయి, రోడ్డు దిగొద్దని. అక్కడక్కడా తుప్పుపట్టిన యుద్ధ ట్యాంకులు. ఊళ్లోకి వెళ్తే పాత ఇళ్లలో మిగిలినవి చాలా కొద్ది. కిటికీలూ తలుపులూ లేని కొత్త ఇళ్లు మాత్రం వరసగా కనిపిస్తాయి. 1970లలో సైన్యం తన సాధన కోసం కట్టుకున్నవి. వాటి మధ్య ఎర్ర బస్సు ఆగి, కండక్టరు ఊరి పేరు కేక వేస్తాడు. దిగినవాళ్లు చర్చి దాకా నడిచి, సమాధుల మీద పేర్లు చదివి, టీ తాగి మరో బస్సు పట్టుకుంటారు.

ఇంత మోజెందుకు?

ఇంబర్‌కు వచ్చే బస్సుల్లో అందరి కళ్లూ ఉండేది రూట్‌మాస్టర్ మీదే. సినిమాల్లో, లండన్ నుంచి చుట్టాలు పంపిన పోస్టుకార్డుల్లో మనమంతా చూసిన ఎర్ర బస్సదే. 1954లో తొలి నమూనాను జనానికి చూపించారు. 1956లో అది రోడ్డెక్కింది. 1968లో తయారీ ఆపేసే నాటికి మొత్తం 2,876 బస్సులు కట్టారు. యుద్ధకాలంలో లండన్ రవాణా సంస్థ హాలిఫాక్స్ బాంబర్ విమానాల తయారీలో పాలుపంచుకుంది. అక్కడ అబ్బిన అల్యూమినియం పనితనాన్నే యుద్ధమయ్యాక బస్సుకు పట్టించారు. ఇనుప ఛాసిస్ లేదు. అల్యూమినియం బాడీయే బరువంతా మోస్తుంది. అందుకే 64 మంది కూర్చునే డబుల్ డెక్కరైనా తేలిగ్గా ఉండేది. పవర్ స్టీరింగు, గేర్ల కోసం కుస్తీ పట్టనక్కర్లేని ఆటోమేటిక్ పెట్టె.. 1950లలోనే! మన డ్రైవర్లు గేరు రాడ్డుతో ఎన్ని దశాబ్దాలు యుద్ధం చేశారో గుర్తు తెచ్చుకుంటే అది ఎంత ముందుచూపో తెలుస్తుంది.

జనానికి నచ్చింది మాత్రం ఇవేవీ కాదు. వెనకవైపు తలుపు లేని ఫుట్‌బోర్డు! ట్రాఫిక్‌లో బస్సు ఆగితే దిగిపోవచ్చు. కదులుతుంటే రాడ్డు పట్టుకుని ఎక్కేయొచ్చు. డ్రైవరు ముందు తన గదిలో ఒంటరిగా ఉంటాడు కాబట్టి కండక్టరు గంటే ఆయనకు చెవి. ఒక గంట కొడితే ఆపు, రెండు కొడితే పోనీ, మూడు కొడితే బస్సు నిండింది ఇక ఆపొద్దు. మన ‘రైట్ రైట్’, ‘హోల్డాన్’లకు అక్కడి గంటల భాష అన్నమాట.

2005 డిసెంబరు 9న ఆ కథ ముగిసింది. 159 నంబరు రూటులో చివరి రూట్‌మాస్టర్ బ్రిక్స్‌టన్ డిపోకు చేరేసరికి దారి పొడవునా జనం. ఫొటోలు తీసేవాళ్లు, చేతులూపేవాళ్లు, కళ్లు తుడుచుకునేవాళ్లు.. ఆ రద్దీకి బస్సు ఆలస్యంగా చేరింది. ఓ బస్సుకు అంత వీడ్కోలా అని నవ్వుకున్నవాళ్లూ లేకపోలేదు. ఆ బస్సుతోపాటు ఆ రూటు కండక్టర్ ఉద్యోగమూ ఆ రోజే ఆఖరైందన్న సంగతి చాలామందికి తర్వాత గానీ తట్టలేదు.

అయితే ఈ ప్రేమకథలో కాస్త ఇబ్బందిపెట్టే పేజీ ఒకటుంది. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి రూట్‌మాస్టర్ ఎక్కలేడు. పిల్లల బండితో వచ్చిన తల్లి దాన్ని మడిచి, బిడ్డను చంకనేసుకుని ఎక్కాల్సిందే. ఆ అందమైన ఫుట్‌బోర్డు మీంచి జారిపడి దెబ్బలు తిన్నవాళ్లున్నారు. వికలాంగులు ఎక్కగలిగే బస్సులే ఉండాలని చట్టం వచ్చాక రోజువారీ సర్వీసులో దానికి చోటు లేకుండా పోవడం న్యాయమే. తమ ముందునుంచి అన్నేళ్లూ ఆగకుండా వెళ్లిపోయిన బస్సు కోసం వాళ్లెందుకు ఏడవాలి? అభిమానుల్లో ఆలోచనాపరులు దీన్ని కాదనరు. రోజూ నడపమని వాళ్లు అడగడం లేదు. తుక్కు చేయొద్దనే వాళ్ల గోలంతా.

ఏది అసలు బస్సు?

తుక్కు కాకుండా మిగిలిన రూట్‌మాస్టర్లు వెయ్యికి పైనే. వాటి బాగోగులు చూసుకోవడానికి 1988లో ఓ సంఘమే పుట్టింది. బస్సు పుట్టి యాభై ఏళ్లయిన సందర్భంగా 2004లో లండన్‌లోని ఫిన్స్‌బరీ పార్కులో పెద్ద కలయిక జరిపారు. అరవై ఏళ్లకు 2014లో మళ్లీ అక్కడే. వందకు పైగా బస్సులు గడ్డి మీద బారులు తీరాయి. అలాంటి చోట అమ్మకానికి ఏముంటాయో చూస్తే నవ్వొస్తుంది. చెల్లిపోయిన టిక్కెట్లు, పాత టైంటేబుళ్లు, కండక్టర్ల బ్యాడ్జీలు, ఊళ్ల పేర్లు రాసున్న గుడ్డ చుట్టలు. బేరాలు మాత్రం చీరల దుకాణంలో కంటే జోరుగా!

అక్కడ తెగని చర్చ ఒకటుంది. లండన్ బస్సుల మరమ్మతులకు ఆల్డెన్‌హామ్ అనే చోట పెద్ద వర్క్‌షాపు ఉండేది. 1986లో మూతపడింది. బస్సు లోపలికి రాగానే బాడీని ఓవైపు, కింది యంత్రాంగాన్ని ఓవైపు విడదీసేవారు. బాగుచేయడం ముందు ఏది పూర్తయితే దాన్ని దేంతో పడితే దాంతో బిగించి, వరసలో ఉన్న నంబరు తగిలించి బయటికి పంపేవారు. అంటే 100వ నంబరుతో వెళ్లిన బస్సు అదే నంబరుతో తిరిగొచ్చినా, అందులో పాత బస్సు తాలూకు మేకు కూడా ఉండకపోవచ్చు! మరి ‘నేను చిన్నప్పుడు బడికెళ్లిన బస్సు ఇదే’ అని ఓ పెద్దాయన మురిసిపోతే ఏమనాలి? బాడీ నంబర్ల రికార్డులు తిరగేసి ‘అది కాదండీ’ అని తేల్చిచెప్పేవాళ్లున్నారు. నంబరు చూసి సంతోషించనివ్వండి అనేవాళ్లూ ఉన్నారు. రెండోవాళ్లే కాస్త మంచివాళ్లనిపిస్తుంది.

ఇంటి ముందు పట్టని వస్తువును పోషించడం తేలికేం కాదు. షెడ్డు అద్దె, టైర్లు, దొరకని విడిభాగాలు. అన్నిటికీ మించి, ఆ ఇంజిన్ల గుట్టు తెలిసిన మెకానిక్కులకు వయసు మీదపడుతోంది. ప్రభుత్వం చేసే సాయమూ ఉంది. నలభై ఏళ్లు దాటి, వ్యాపారానికి వాడని బస్సుకు అక్కడ రోడ్డు పన్ను లేదు.

మన బస్సుల సంగతి

మన దేశంలోనూ అభిమానులకు కొదవలేదు. ముంబయిలో 1937 నుంచి తిరుగుతున్న డబుల్ డెక్కర్లలో చివరి డీజిల్ బస్సు 2023 సెప్టెంబరు 15న సెలవు తీసుకుంది. అభిమానులు దాన్ని పెళ్లికూతురిలా ముస్తాబుచేసి సాగనంపారు. ఒకటి రెండైనా మ్యూజియంలో ఉంచమని వేడుకున్నారు.

ఉంచాలన్నా దారి సులువు కాదు. యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునే నిబంధనలు 2021లో వచ్చాయి. వీఏ అక్షరాలతో వేరే నంబరు ప్లేటు కూడా ఇస్తారు. కానీ అవి సొంత వాడకానికున్న ద్విచక్ర వాహనాలకూ, కార్లకూ మాత్రమే. జమీందారుగారి కారుకు గౌరవం దక్కింది, ఊరందర్నీ మోసిన బస్సుకు దక్కలేదు! పైగా పదిహేనేళ్లు నిండిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దవుతోంది. ఆర్టీసీ బస్సులూ ఆ లెక్కలోవే. కాలుష్యం సంగతి చూస్తే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. అయితే తుక్కుకు వెళ్లే వేల బస్సుల్లోంచి డిపోకొకటి పక్కన పెట్టమని అడగడం అత్యాశేమీ కాదు.

హైదరాబాద్ రాజ్యంలో 1932 జూన్‌లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. అదే పెరిగి పెద్దదై ఇప్పటి ఆర్టీసీ అయింది. బస్సు నంబర్లలో కనిపించే ‘జడ్’ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తని చెబుతారు. స్కాట్లండ్‌లో తయారైన ఆనాటి అల్బియన్ బస్సొకటి ఇప్పటికీ ఆర్టీసీ దగ్గర భద్రంగా ఉంది. సికింద్రాబాద్ నుంచి జూపార్కుకు పిల్లల్ని మేడ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లిన 7జడ్ డబుల్ డెక్కర్లు మాత్రం 2000ల తొలి దశాబ్దంలోనే కనుమరుగయ్యాయి. 2023లో మూడు ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు నగరానికి వచ్చినప్పుడు వాటిని చూపించి ‘మా చిన్నప్పుడు కూడా ఉండేవి తెలుసా!’ అని పిల్లలకు చెప్పిన అమ్మానాన్నలు ఎందరో. పాత టిక్కెట్టు ముక్కో, మేడ మీద ముందు సీట్లో తీసుకున్న ఫొటోనో ఏ ఇంటి అటక మీదైనా ఉండే ఉంటుంది.