మిగిల్తేనే సీటు

"గీడ గూడ మిగిల్తెనే ఇస్తరా బిడ్డా?"

శంషాబాద్ విమానాశ్రయంలో కూచోని మా అమ్మ అడిగిన మాట ఇది. అప్పటికి రెండు ముంబై విమానాలు మమ్మల్ని వదిలేసి పోయినయి. ఆ రోజు డిసెంబర్ 5. బాబాసాహెబ్‌ను దహనం చేసిన దాదర్ చైత్యభూమిని ఒక్కసారన్నా చూడాలని అమ్మకు ఏండ్ల నాటి కోరిక. డిసెంబర్ 6 నాటికి అక్కడుండాలి. రైల్లో బెర్తు దొరకలేదు. జనరల్ పెట్టెలో రాత్రంతా నిలబడే మోకాళ్ళు ఆమెకిప్పుడు లేవు.

మాది పాలమూరు. మాదిగవాడ. సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివి, ఒక ప్రైవేటు విమాన సంస్థలో టికెట్ కౌంటర్ మీద పనికి కుదిరిన. మా వాడలో విమానం ఎక్కినోళ్ళు లేరు. విమానం టికెట్ అమ్మేదాన్ని నేనొక్కదాన్నే.

ఉద్యోగులకూ వాళ్ళ తల్లిదండ్రులకూ పన్నులు పోను పదోవంతు ధరకే టికెట్ ఇస్తారు. కానీ అది ఖాయమైన టికెట్ కాదు. స్టాండ్‌బై. డబ్బు పెట్టి కొన్నోళ్ళంతా వచ్చి, కౌంటర్ మూసినంక, సీటు మిగిల్తే ఎక్కాలి. మిగలకపోతే ఇంకో విమానానికి కాచుకోవాలి. స్టాండ్‌బైలోనూ వరస ఉంటది. సర్వీసు ఎక్కువున్నోళ్ళు ముందు. నాది రెండేండ్ల సర్వీసు. మంచి బట్టలు కట్టుకోవాలి, ఎంతకు కొన్నమో పక్కోళ్ళకు చెప్పొద్దు, సీటు రాకుంటే నోరెత్తొద్దు. ఇవీ మాకు చెప్పే నియమాలు. అందుకే అమ్మ పండుగ చీర కట్టుకొచ్చింది.

ఆమె ప్రశ్న నాకు గుండెల్లో గుచ్చుకుంది. దొర ఇంట్లో పెండ్లయితే ఊరంతా తిన్నంక గిన్నె పట్టుకోని దొడ్డి గుమ్మం కాడ కూచున్న మనిషి ఆమె. కల్లంలో వడ్లు కొలిచి బండ్లకెత్తినంక, అడుగున మట్టిలో కలిసిన గింజల్ని చేటతో చెరుక్కున్న మనిషి. మిగిలింది తినడమంటే ఏందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అప్పుడే ఒకాయన సూట్‌కేసు లాక్కుంటూ వచ్చిండు. విమానానికి రెండు గంటలే టైముంది. కార్డు గీకి టికెట్ కొన్నడు, సీటు తీసుకున్నడు, పోయిండు.

"మనం పొద్దుగాల వచ్చినం. ఆయన ఇప్పుడొచ్చిండు. ఆయనకెట్ల దొరికె?" అంది అమ్మ.

నేను చెప్పిన. ఒకే విమానం, ఒకే వరస, ఒకే తీరు కుర్చీ. అయినా ఒక్కో టికెట్ మీద ఒక్కో అక్షరం ఉంటది. చాలా సంస్థల్లో 'వై' అంటే ఎకానమీలో పూర్తి ధర. దాని కింద 'బి', 'ఎం', 'క్యూ' ఇట్లా మెట్లు. కింది మెట్టు టికెట్ అగ్గువ, కానీ తేదీ మార్చుకోవాలంటే జుర్మానా, రద్దు చేసుకుంటే డబ్బులు రావు. ఒక్కో అక్షరం కింద ఎన్ని సీట్లు అమ్మాలో కంప్యూటర్ లెక్క కట్టి పెడతది. అగ్గువ సీట్లు అయిపోగానే ఆ అక్షరం మూసేస్తది. విమానంలో ఇంకా సీట్లు ఖాళీగానే ఉంటయి. కానీ ఆ ధరకు లేవంటది. ఎందుకంటే చివర్లో వచ్చి ఎక్కువ పెట్టేటోని కోసం కొన్ని సీట్లు ఆపి పెట్టాలె. ఈ లెక్కకు సూత్రం 1972లో కెన్ లిటిల్‌వుడ్ అనే బ్రిటిష్ విమాన సంస్థ ఉద్యోగి రాసిండు. 1978లో అమెరికా విమాన ధరల మీద సర్కారు అదుపు ఎత్తేసినంక, 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఈ తీరు లెక్కను కంప్యూటర్లతో పెద్ద ఎత్తున నడిపింది. తర్వాత లోకమంతా అదే దారి.

అమ్మ అంతా విన్నది. "అంటే ఆలిశంగ వచ్చే దొరకు జాగ ఆపి పెడతరన్నమాట" అంది.

అంతే. నేను శిక్షణ తరగతుల్లో వారాల తరబడి నేర్చుకున్నది ఆమె ఒక్క మాటలో చెప్పింది.

మా క్యాంటీన్లో ఒకాయన అంటుంటడు, "రిజర్వేషన్ల వల్లనే దేశం చెడిపోయింది, మెరిట్‌కు విలువ లేదు" అని. ఆ రోజు దాకా తల వంచుకోని తినేసి లేచేదాన్ని. ఇప్పుడు అడుగుతున్న. ఇంకా రాని మనిషి కోసం, వాడు ఎక్కువ డబ్బిస్తడని సీటు ఆపి పెట్టడం రిజర్వేషన్ కాదా? అది వ్యాపారం, తెలివి, లెక్క! తరతరాలు గుమ్మం బయట నిలబెట్టిన మనిషికి రాజ్యాంగం ఒక సీటు చూపిస్తే మాత్రం అన్యాయమా? 'వై' టికెట్ డబ్బుంటే ఎవరైనా కొనొచ్చు. విమానం దిగంగనే ఆ అక్షరం ఊడిపోతది. మా నొసటి మీద రాసిన అక్షరం ఏ ఊర్లో దిగినా ఊడలేదు. అసలు తేడా అక్కడుంది. ఖాయమైన సీటు లేని మనిషి బతుకే స్టాండ్‌బై. మా తాతలు బతికింది అదే.

మూడో విమానానికి నా పేరు పిలిచిండ్రు. "ఒక్కటే సీటుంది. ఎవరు పోతరు?"

నేను నోరు తెరవకముందే అమ్మ లేచి నిలబడ్డది. అక్షరం ముక్క రాదు. హిందీ నాలుగు మాటలు. మా మేనమామ ముంబైలో బిల్డింగ్ పని చేస్తడు. పాలమూరు కూలోళ్ళకు ఆ దారి పాతదే. ఆయన నంబరు చీటీ మీద రాసి ఆమె కొంగుకు ముడేసిన. "భయమైతలేదా?" అన్న.

"మిగిలిందైనా గిది నా సీటే గద. దిగుమంటే దిగను" అన్నది.

నేను ఆ రాత్రి బస్సెక్కిన. మర్నాడు దాదర్ చేరేసరికి అమ్మ లైన్లో నిలబడి ఉంది. ముందూ వెనకా లెక్కలేనంత జనం. నన్ను చూసి జరిగి చోటియ్యలేదు. "ఎనక నిలబడు బిడ్డా. గీడ ముందొచ్చినోళ్ళదే ముందు" అంది.

పోయి వెనక నిలబడ్డ. ఏ అక్షరమూ లేని వరసలో నిలబడడం నాకదే మొదలు.