ఎండని పెట్టెలో పెట్టాను!

ఇదేం ట్రిక్ షాట్ కాదండోయ్! నీలిరంగు ఫోటోలిచ్చే సయనోటైప్ పద్ధతిని 1842లోనే సర్ జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. రెండు ఇనుప రసాయనాలు కలిపి కాగితానికి పూసి, ఆరాక పైన నెగెటివ్ పరిచి ఎండలో పెడితే చాలు, అతినీలలోహిత కిరణాలు తమ పని తాము చేసుకుపోతాయి. ఆనక నీళ్లలో కడగడమే!

బాగానే ఉంది గానీ, హైదరాబాదు జూలై మబ్బులకి ఈ సంగతి చెప్పేదెవరు? పైగా నా చేతిలో ఉన్నది ఒకే ఒక్క నెగెటివ్. జీవితమంతా తారల్ని క్లిక్‌మనిపించిన ఓ స్టిల్ ఫోటోగ్రాఫర్, తాను కెమెరా ముందు నిలబడ్డది ఆ ఒక్కసారేనట! స్కాన్ చేసి ఏ షాపులోనైనా ప్రింటు వేయించొచ్చు. "వద్దు బాబూ, ఆయన చేత్తో కడిగిన ఫిల్మునించే రావాలి. సంవత్సరీకం దగ్గర పడింది" అన్నారు ఆయన భార్య.

దాంతో ప్లైవుడ్ పెట్టె బిగించాను. మూతకి 395 నానోమీటర్ల ఎల్.ఇ.డి. స్ట్రిప్పులు, లోపలంతా అల్యూమినియం ఫాయిల్, మూత ఎత్తగానే దీపాలారిపోయే స్విచ్చి (కళ్లు ముఖ్యం కదా!). దీపాలకీ కాగితానికీ 4 అంగుళాల ఎడం ఉండాలి, లేకపోతే వెలుగు చుక్కలు చుక్కలుగా పడుతుంది. నెగెటివ్‌కి రసాయనం అంటకుండా మధ్యలో పల్చటి పాలిస్టర్ షీటు వేశాను.

అట్టముక్కని 2 నిమిషాలకోసారి జరుపుతూ ముందు వేరే కాగితం మీద పరీక్ష. 14 నిమిషాలన్న లెక్క తేలాకే అసలుది పెట్టాను. నెగెటివ్ ఎంతో బొమ్మా అంతే, అరచేతిలో ఇమిడిపోయింది.

ఆవిడ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"వీరికి నీలం రంగంటే గిట్టదు నాయనా... అయినా బాగున్నారు!"