స్టేషన్‌లో ఎవరుండారు?

మా నాన్న కానిస్టేబుల్. 1990 మొదలు కొన్నేళ్ళపాటు నెల్లూరు జిల్లాలో, సముద్రం ఒడ్డున ఉన్న ఒక మండలంలో పనిచేశాడు. స్టేషన్ వెనక ఉన్న పెంకుటిళ్ళ వరసే మా క్వార్టర్స్. వంటింటి కిటికీలోంచి స్టేషన్ వరండా, అక్కడ వేలాడే కంచు గంట, తుపాకీ పట్టుకున్న సెంట్రీ, అన్నీ కనిపించేవి. గంట గంటకీ సెంట్రీ దాన్ని కొట్టాలి. పరీక్షలప్పుడు తెల్లవారుజామున నాలుగు కొట్టగానే లేచి పుస్తకం పట్టేదాన్ని.

లోపల గోడకు ఒక నల్లబోర్డు ఉండేది. మంజూరైన పోస్టులు ఒక గడిలో, ఉన్నవాళ్ళు పక్క గడిలో. మంజూరు అంకె తెల్లరంగుతో రాసింది. ఉన్నవాళ్ళ అంకె సుద్దముక్కతో రాసేవాళ్ళు. పన్నెండుమంది కానిస్టేబుళ్ళు ఉండాల్సిన చోట తొమ్మిదిమందో, పదిమందో. వాళ్ళూ ఊళ్ళో ఉంటారని కాదు. సెంట్రీకి వంతుల మీద ముగ్గురు. కోర్టు కానిస్టేబుల్ పొద్దున్నే కాగితాలు పట్టుకుని బస్సెక్కితే చీకటి పడ్డాకే దిగేవాడు. టపాలు పట్టుకుని సర్కిల్ ఆఫీసుకు తిరగడానికి ఒకరు. సమన్లు, వారంట్లు అందించడానికి ఒకరు. స్టేషన్ రైటర్ పక్కన రికార్డు రాయడానికి ఒకరు. ఎవరో ఒకరు సెలవులో. ఆ మిగిలిన ఒకరిద్దరే మండలంలోని ఊళ్ళన్నిటికీ పోలీసు. నాన్న చాలాసార్లు ఆ మిగిలినవాడు.

ఎక్కడైనా అనుమానాస్పదంగా మనిషి చనిపోతే ఆ ఒక్కడూ ఉండడు. పంచనామా అయ్యాక శవాన్ని పోస్టుమార్టానికి తీసుకెళ్ళి, తిరిగి బంధువులకు అప్పగించేదాకా ఒక కానిస్టేబుల్ వెంట ఉండి తీరాలి. డాక్టరు మర్నాడు వస్తానంటే రాత్రంతా ఆసుపత్రి మార్చురీ బయట కాపలా. అట్లాంటి డ్యూటీ నుంచి వచ్చిన రోజు నాన్న గుమ్మం తొక్కేవాడు కాదు. అమ్మ బావి దగ్గరికే తువ్వాలు, లుంగీ తెచ్చిచ్చేది.

ఊరు మాత్రం ఆగకుండా పెరుగుతోంది. మేము వెళ్ళిన కొత్తల్లో చవిటి నేలలు, సరుగుడు తోపులు, నాలుగు టీకొట్లు. తర్వాత టైగర్ రొయ్యల చెరువులు వచ్చాయి. రెండు మూడేళ్ళలో పైరు పండని నేలకు కూడా గిరాకీ పుట్టింది. గట్ల మీద డీజిల్ ఇంజన్లు, కాపలా గుడిసెలు, ఐసు ఫ్యాక్టరీ, లాడ్జి, వీడియో హాలు. మద్రాసు నుంచి కొనుగోలుదార్లు సంచుల్లో నోట్లు తెచ్చి గట్టుమీదే లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళు. ఎక్కడెక్కడి నుంచో పనివాళ్ళు దిగారు. వీళ్ళలో చాలామంది 1991 జనాభా లెక్కలు ముగిశాక వచ్చినవాళ్ళే. మళ్ళీ 2001 దాకా ఏ లెక్కలోనూ లేరు. ఇంజన్ల దొంగతనాలు, పట్టుబడి రోజున చెరువు దోపిడీలు, కూలి దగ్గర కొట్లాటలు మాత్రం స్టేషన్ పుస్తకాల్లోకి ఎప్పటికప్పుడు వచ్చేవి. బోర్డు మీద రంగుతో రాసిన అంకె మారలేదు.

ఊళ్ళలోంచి కబురు రావడం కూడా తగ్గిపోయిందని నాన్న అనేవాడు. ఒకప్పుడు గ్రామ మునసబు ఉండేవాడు. నేరం జరిగితే తలారి చేత స్టేషన్‌కు రిపోర్టు పంపించడం ఆయన బాధ్యత. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలు రద్దు చేసింది. తరతరాల ఆ పెత్తనం పోవడం మంచిదేనని నేను గట్టిగా నమ్ముతాను. కానీ రాత్రికి రాత్రి కబురు మోసే ఆ పనిని మా వైపు ఎవరూ అందుకోలేదు. వారం గడిచాక, అందరూ రాజీ పడిపోయాక, స్టేషన్‌కు తెలిసేది.

బందోబస్తులు వేరే. 1990 డిసెంబరు నుంచి 1992 అక్టోబరు దాకా ముఖ్యమంత్రిగా ఉన్న నేదురుమల్లి జనార్దనరెడ్డిది అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న వాకాడు. ఆయన జిల్లాకు వస్తున్నారంటే చిన్న స్టేషన్లన్నీ ఖాళీ. నెల్లూరులో రొట్టెల పండగ, జొన్నవాడ కామాక్షమ్మ బ్రహ్మోత్సవాలు, అన్నిటికీ మనుషుల్ని పంపాలి. ఆ రాత్రుల్లో స్టేషన్ అంటే సెంట్రీ ఒక్కడే. ఆయన తుపాకీతో అక్కడినుంచి కదలకూడదు.

సరిగ్గా అట్లాంటి రాత్రుల్లోనే ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించాక 1992లో జిల్లా అంతా ఊళ్ళు లేచాయి. పగలు కొట్ల ముందు కూర్చున్న ఆడవాళ్ళే రాత్రి ఇంట్లో దెబ్బలు తిని, పిల్లల్ని చంకనేసుకుని స్టేషన్ దాకా నడిచొచ్చేవాళ్ళు. "స్టేషన్‌లో ఎవరుండారు నాయనా?" అని అడిగితే సెంట్రీ మా కిటికీ వైపు కేకేసేవాడు. "వదినా, ఎవరో ఆడమనిషి వచ్చుండాది, ఒక్కరవ్వ చూడండి." ఆ స్టేషన్‌లో మహిళా కానిస్టేబుల్ అన్నదే లేదు.

అమ్మ దీపం తీసుకుని పోయి, వాళ్ళని మా వరండాలో కూర్చోబెట్టేది. "ఈడనే ఉండు తల్లీ, తెల్లారేదాకా ఎవరూ నిన్నేమీ చెయ్యలేరు." గాయానికి పసుపు అద్దేది, పిల్లలకు మజ్జిగన్నం కలిపేది. తర్వాత నన్ను లేపి నోటుపుస్తకం తెమ్మనేది. "మహారాజశ్రీ సబ్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు" అని మొదలుపెట్టి, ఆమె చెప్పింది చెప్పినట్టు నేను రాయాలి. ఏ చేత్తో కొట్టాడు, దేనితో కొట్టాడు, ఎవరు చూశారు. నాకప్పుడు పదకొండేళ్ళు. తెల్లారి నాన్న వచ్చాక ఆ కాగితం రైటర్‌కు అందేది. జీతం లేని అమ్మా, చదువుకుంటున్న నేనూ ఆ రాత్రికి ఆ స్టేషన్ సిబ్బంది. అమ్మ చేసింది చాలా గొప్ప పని. ఆ పని ఆమె మీద పడకుండా ఉండాల్సిందని కూడా అంతే గట్టిగా అంటాను.

1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. ఎన్నో ఇళ్ళు ఊపిరి పీల్చుకున్నాయి. నాటుసారా బట్టీల మీద దాడులకు కూడా ఆ కొద్దిమందే వెళ్ళాల్సి వచ్చింది.

నేరాల దర్యాప్తునీ శాంతిభద్రతల పనినీ వేరుచేయాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించిందని వార్త వచ్చిన రోజు నాన్న పేపరు రెండుసార్లు చదివాడు. దొంగతనం కేసులో సాక్షిని వెతుకుతూ సగం దారిలో బందోబస్తుకు మళ్ళిన మనిషికి ఆ తీర్పు విలువ తెలుసు. 2019లో ఆంధ్రప్రదేశ్ పోలీసులకు వీక్లీ ఆఫ్ ప్రకటించినప్పుడు మాత్రం సంతోషించి, వెంటనే లెక్కలోకి దిగాడు. రోజూ ఏడో వంతు మనుషులు సెలవులో ఉంటే వాళ్ళ స్థానంలో ఎవర్ని నిలబెడతారని.

మా చిన్నాన్న కొడుకు ఇప్పుడు కానిస్టేబుల్. కొత్త స్టేషన్ భవనం గురించి, సీసీ కెమెరాల గురించి, రిసెప్షన్ బల్ల గురించి ఉత్సాహంగా చెబుతుంటే నాన్న అంతా విని అడిగాడు.

"రాత్రిపూట ఆడమనిషి వస్తే రాసుకునేదెవరు?"

"మహిళా కానిస్టేబుళ్ళు ఇద్దరున్నారు పెదనాన్నా. ఒకామె నైట్ ఉంటుంది."

"ఆమె బందోబస్తుకు పోయిన రాత్రి?"

"పక్క స్టేషన్ నుంచి పిలిపిస్తారు."

"పక్క స్టేషన్ వాళ్ళు కూడా అదే బందోబస్తుకు పోయుంటారు కదరా," అన్నాడు నాన్న.